కొండకీ కంటికీ మధ్య

దక్షిణ ఫ్రాన్సులోని మార్సెయ్ రేవుపట్టణంలో కొందరు ఏడాదికి రెండు తడవలు, ఫిబ్రవరి రెండో వారంలో ఒకసారీ, అక్టోబరు ఆఖరి రోజుల్లో ఇంకోసారీ, పొద్దుగూకే వేళకు కెమెరాలు భుజాన వేసుకుని ఊరి గుట్టలెక్కుతారు. పడమటి దిక్కున సముద్రం మీదికి గురిపెట్టి కూర్చుంటారు. వాళ్లు కాచుకునేది కానిగూ అనే పర్వతం కోసం. పిరనీస్ శ్రేణికి తూర్పు కొసన, స్పెయిన్ సరిహద్దు దగ్గర ఉన్న కొండ అది. ఎత్తు 2,784 మీటర్లు. మార్సెయ్‌కీ దానికీ మధ్య దూరం 250 కిలోమీటర్లకు పైనే. మామూలు రోజుల్లో అటువైపు ఎంతసేపు చూసినా నీళ్లూ ఆకాశమూ తప్ప మరేమీ ఉండవు. ఆ కొద్ది రోజుల్లో మాత్రం సూర్యుడు సరిగ్గా ఆ కొండ వెనక్కి దిగుతాడు. ఎర్రటి బింబం మీద నల్లగా, కాగితం కత్తిరించి అంటించినట్టు, శిఖరాల వరుస తేలుతుంది. కొన్ని నిమిషాలు ఉండి పోతుంది.

ఇది కొత్తగా తెలిసిన సంగతేమీ కాదు. వాన్ త్సాఖ్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1808లోనే మార్సెయ్‌లోని నోత్ర్ దామ్ ద లా గార్ద్ గుట్ట ఎక్కి ఈ దృశ్యం చూశాడు.

కొండ ఏడాది పొడుగునా అక్కడే ఉంది. మారిందల్లా దాని వెనకున్న వెలుతురు. అంటే మిగతా రోజుల్లో దాన్ని దాచిపెట్టింది దూరం ఒక్కటే కాదు, మధ్యలో పరుచుకుని ఉన్న గాలి కూడా. యాత్రల పుస్తకాలు ప్రపంచంలో చూసి తీరాల్సిన దృశ్యాలంటూ జాబితాలిస్తాయి. వాటిలో శిఖరాలుంటాయి, లోయలుంటాయి, సరస్సులుంటాయి. గాలి ఊసు మాత్రం ఎక్కడా ఉండదు. ఎంత దూరం కనపడాలి, ఏ రంగులో కనపడాలి, ఎంత పెద్దదిగా తోచాలి అన్న మూడింటిలోనూ దానికి పెద్ద వాటా ఉంది. ఈ అధ్యాయం ఆ వాటా గురించి.

ముందు దూరం సంగతి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి చూపుకి ఒక హద్దుంది. కంటి ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే ఆ హద్దు ఎన్ని కిలోమీటర్ల అవతల ఉందో వస్తుంది. విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబడ్డ మనిషికి సముద్రం నాలుగున్నర కిలోమీటర్ల దగ్గరే అయిపోతుంది. అనంతంగా ఉందనుకునే సముద్రంలో మనకు దక్కేది అంతే. అదే మనిషి దాదాపు 170 మీటర్ల ఎత్తున్న కైలాసగిరి ఎక్కితే హద్దు 46 కిలోమీటర్లకు జరుగుతుంది. ఎత్తు వంద రెట్లు పెరిగితే దూరం పది రెట్లే పెరిగింది. వర్గమూలం పిసినారి. ఎత్తుల్లో మొదటి కొన్ని మీటర్లు ఇచ్చినంత లాభం తర్వాతి వందలు ఇవ్వవు. ఊళ్లో నీళ్ల ట్యాంకు ఎక్కిన పిల్లవాడికి కలిగే సంబరం అందుకే అంత పెద్దది.

అవతలి వస్తువు కూడా ఎత్తుగా ఉంటే దాని హద్దునూ మన హద్దునూ కూడుకోవచ్చు. కానిగూ శిఖరానికి ఈ లెక్కన 188 కిలోమీటర్లు వస్తాయి. సుమారు 150 మీటర్ల ఎత్తున్న మార్సెయ్ గుట్ట మీది మనిషికి 44. రెండూ కలిపితే 232. కావాల్సిందేమో 250కి పైన. లెక్క ప్రకారం ఆ గుట్ట మీద నుంచి కానిగూ కనపడకూడదు!

కనపడుతోందంటే కాంతి తిన్నగా రావడం లేదన్నమాట. నేలకు దగ్గరి గాలి చిక్కన, పైది పలచన. పలచని గాలిలోంచి చిక్కని గాలిలోకి ఏటవాలుగా దిగే కిరణం కొంచెం కిందికి, అంటే భూమి వంపు వైపే వంగుతుంది. ఆ వంపు సగటున భూమి వంపులో ఏడో వంతు. చిన్నదే గానీ, అది 3.57ని 3.86 చేస్తుంది. చల్లటి నీటి మీద వెచ్చటి గాలి పరుచుకున్న రోజుల్లో ఇంకా ఎక్కువ చేస్తుంది. 1597 జనవరిలో ఆర్కిటిక్ సముద్రంలోని నోవయా జెమ్లియా దీవిలో చిక్కుబడ్డ డచ్చి నావికులకు, ధ్రువపు రాత్రి ముగియడానికి ఇంకా దాదాపు రెండు వారాలుండగానే సూర్యుడు కనిపించాడు. ఊరికి తిరిగొచ్చి చెబితే చాలామంది నమ్మలేదు. గాలి పొరల్లో ఇరుక్కుని భూమి వంపు వెంబడి వందల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన వెలుగు అది. దిగ్మండలం కింద ఉన్న సూర్యుణ్ణే పైకి లేపి చూపెట్టింది.

ఈ వంపు మన దేశంలో ఒక పెద్ద లెక్కకు తలనొప్పి అయింది. 1802లో మద్రాసు పక్కన సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేకి ఒక కొండ మీద నుంచి ఇంకో కొండ మీది గుర్తును చూడటమే పని. కోణాలు కొలిచే, అర టన్ను బరువున్న థియొడొలైట్‌ను మనుషులు మోసుకుంటూ దక్షిణం నుంచి ఉత్తరానికి, తెలంగాణ మీదుగా సాగారు. వానలు గాలిని కడిగేసే నెలల్లోనే దూరపు గుర్తులు బాగా కనిపించేవి. అడవుల్లో జ్వరాలు చంపేసేవీ ఆ నెలలే. 1819లో కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలతలు తీయడానికి వెళ్లిన జార్జ్ ఎవరెస్ట్ అనే యువ అధికారి, అతని బృందం జ్వరంతో మంచం పట్టారు. ఎవరెస్ట్ కోలుకోవడానికి దక్షిణాఫ్రికా కేప్ దాకా వెళ్లాల్సి వచ్చింది. అతడే తర్వాత సర్వేకి అధిపతై, పగటి జెండాలు ఒక్కటే నమ్ముకోకుండా రాత్రిపూట దీపాలూ, ఎండను తళుక్కుమనిపించే అద్దాలూ వాడకంలోకి తెచ్చాడు. పొగమంచులో జెండా మాసిపోతుంది, దీపం మాసిపోదు. పైగా రాత్రి చల్లబడిన గాలిలో కాంతి మరికాస్త వంగి, పగలు అడ్డం వెనక దాగిన గుర్తును కూడా పైకెత్తుతుంది.

అతని పేరు పెట్టుకున్న శిఖరాన్ని కొలిచిందీ ఇలా దూరం నుంచే. నేపాల్ లోపలికి అడుగు పెట్టనివ్వలేదు గనక, 1849లో జేమ్స్ నికల్సన్ గంగా మైదానంలో ఐదారు చోట్ల నుంచి ‘పదిహేనో శిఖరం’ వైపు థియొడొలైట్ తిప్పి కోణాలు రాసుకున్నాడు. ఆ చోట్లలో దగ్గరిదే 174 కిలోమీటర్లు. కాంతి వంపును పట్టించుకోకుండా వేసిన సగటు 30,200 అడుగులొచ్చింది. బెంగాలీ గణకుడు రాధానాథ్ సిక్దార్ ఆ వంపును లెక్కలోంచి తీసేసి 1852లో తేల్చిన ఫలితాన్ని, 1856లో 29,002 అడుగులుగా ప్రకటించారు. అంటే 1,200 అడుగులు కొండది కాదు, గాలిది. ఇవాళ ఉపగ్రహాలూ, శిఖరం మీద పెట్టిన పరికరాలూ కలిసి చెబుతున్న 8,848.86 మీటర్లకూ సిక్దార్ లెక్కకూ తేడా తొమ్మిది మీటర్లే. ఆ మనిషి ఆ శిఖరం పాదాల దాకా కూడా వెళ్లలేదు.

ఈ జ్యామితి అంతా ఒక్కచోట నిలబడి చూడాలంటే డార్జిలింగ్ పైనున్న టైగర్ హిల్‌కి వెళ్లాలి. 2,590 మీటర్ల ఎత్తు. తెల్లవారుజామున నాలుగు గంటలకే జీపులు వరస కడతాయి. ఉత్తరాన 80 కిలోమీటర్ల అవతల 8,586 మీటర్ల కాంచనజంగ ఉంది. ఫొటోల్లో ఆకాశం సగం ఆక్రమించినట్టుంటుంది. అసలు కొలత వేరు. భూమి వంపు మింగేసిన 400 మీటర్ల పైచిలుకు తీసేసి చూస్తే, శిఖరం దిగ్మండలం నుంచి 4 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాచి రెండు మూడు వేళ్లు అడ్డంగా పెడితే మొత్తం కొండ దాగిపోతుంది. మొబైల్‌తో తీస్తే బొమ్మలో చీమంత కనపడిందని నొచ్చుకునేవాళ్లు కెమెరాని తిట్టుకోనక్కర్లేదు. కెమెరా ఉన్నదున్నట్టు చెబుతోంది. పెంచి చూపిస్తున్నది మన మెదడే. మామూలు కంటికి ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కన్నా చిన్నది విడిగా ఆనదు. 80 కిలోమీటర్ల దూరంలో ఆ లెక్కకి 23 మీటర్లు. ఏడంతస్తుల మేడ కాంచనజంగ మీద కట్టినా అది చుక్కే.

వాయవ్యంగా తిరిగితే గైడు ఒక వేలు చూపించి ‘అదిగో ఎవరెస్ట్’ అంటాడు. జనం చూసేది చాలాసార్లు మకాలును. ఎవరెస్ట్ ఇక్కడికి 173 కిలోమీటర్లు, మకాలు 154. ఆ పందొమ్మిది కిలోమీటర్ల తేడాతో భూమి వంపు ఎవరెస్ట్‌ను మరికాస్త దింపేస్తుంది. దూరం దాన్ని మరికాస్త చిన్నది చేస్తుంది. లెక్క వేస్తే ఎవరెస్ట్ కోణం 1.4 డిగ్రీలు, మకాలుది 1.6 దగ్గర. ప్రపంచంలో కెల్లా ఎత్తైన శిఖరం ఇక్కడ తనకన్నా 360 మీటర్లు పొట్టి కొండ పక్కన తలొంచుకుని నిలబడుతుంది.

ఇక అందరూ చలికి వణుకుతూ ఎదురుచూసే ఘడియ. ఆకాశం ఇంకా బూడిద రంగులో ఉండగా కాంచనజంగ కొస మీద మొదట ముదురు గులాబీ మరక పడుతుంది. అది కిందికి జారుతూ నారింజగా, ఆపైన పసుపుగా మారుతుంది. చూస్తున్న మనుషుల మీద ఎండ అప్పటికింకా పడదు. ఎత్తున్నవాడికి దిగ్మండలం కిందికి వాలి ఉంటుంది కాబట్టి, శిఖరానికి సూర్యుడు టైగర్ హిల్ కన్నా సుమారు ఆరు నిమిషాలు ముందే ఉదయించాలని లెక్క చెబుతుంది. నిజానికి శిఖరం మీదుగా కిందికి జారే ఆ గీత ఎండ కాదు, వెనక్కి తగ్గుతున్న భూమి నీడ అంచు. మొదటి మరక ఎరుపెందుకంటే ఆ కిరణాలు నేలను రాసుకుంటూ అన్నిటికన్నా మందమైన గాలిని దాటి వచ్చాయి. దారిలో నీలం రాలిపోయింది.

రాలిన నీలం ఎటు పోతుంది? పక్కలకి చెదిరిపోతుంది. లార్డ్ రేలీ 1871లో చూపించినట్టు గాలి అణువులు చిన్న తరంగాలను ఎక్కువ చెదరగొడతాయి. ఎరుపు కన్నా నీలం నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. పగటిపూట మనకూ కొండకూ మధ్య ఉన్న గాలి మీద ఎండ పడుతూ ఉంటుంది. ఆ గాలి తనంత తానే నీలంగా మెరుస్తూ ఉంటుంది. గదిలో లైటు వేసుకుని దోమతెరలోంచి చీకటి వరండాలోకి చూడటం లాంటిదిది. తెర మెరిసిపోతుంది, అవతలి మనిషి కనపడడు. కొండ దూరం జరిగేకొద్దీ మధ్యలో గాలి పెరుగుతుంది, దాని మెరుపు పెరుగుతుంది, కొండ తన సొంత రంగు పోగొట్టుకుని ఆకాశంలో కలిసిపోతుంది. జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త కోష్మీడర్ 1924లో దీన్ని ఒక సూత్రంగా రాశాడు. కొండకీ దాని వెనక ఆకాశానికీ వెలుగులో తేడా నూటికి రెండు వంతులకు తగ్గితే కంటికి ఇక కొండ లేనట్టే. దుమ్మూ పొగా ఏమీ లేని శుద్ధమైన గాలిలోనైనా సముద్రమట్టం దగ్గర ఈ హద్దు 300 కిలోమీటర్ల దగ్గర వస్తుంది.

మరి 2016 జులైలో స్పెయిన్‌కు చెందిన ఒక ఫొటోగ్రాఫర్ పిరనీస్‌లోని ఫినెస్త్రెల్ శిఖరం మీద నుంచి 443 కిలోమీటర్ల అవతలున్న ఆల్ప్స్ శిఖరం పిక్ గాస్పార్‌ను ఎలా ఫొటో తీశాడు? రెండు ఉపాయాలు. ఒకటి, చూపు చాలా దూరం పలచని ఎత్తు గాలిలోంచే సాగింది. రెండోది, సూర్యోదయ సమయం ఎంచుకున్నాడు. మధ్యనున్న గాలి మీద ఎండ ఇంకా పడలేదు గనక దానికి మెరుపు లేదు. వెనకనున్న ఆకాశం మాత్రం వెలిగింది. దోమతెర ఇవతల లైటు ఆర్పేసి, అవతల వెలిగించాడన్నమాట.

నీలపు సంగతి చిత్రకారులకు భౌతికశాస్త్రం కన్నా ముందే తెలుసు. దూరపు కొండల్ని ఎంత దూరమో అంత నీలంగా వెయ్యాలని లియొనార్డో డావిన్చి తన రాతల్లో శిష్యులకు నేర్పాడు. మోనాలిసా భుజాల వెనక ఆ పాఠం ఇప్పటికీ కనిపిస్తుంది. జెనీవాకు చెందిన శాస్త్రవేత్త సొస్యూర్ దీన్ని కొలవాలనుకున్నాడు. 1787లో మాంట్ బ్లాంక్ శిఖరం ఎక్కినప్పుడు నీలం రంగు పులిమిన కాగితాలను ఆకాశానికి అడ్డంపెట్టి పోల్చి చూశాడు. తర్వాత ఆ కాగితాలను తెలుపు నుంచి నలుపు దాకా యాభైకి పైగా ఛాయలుగా చక్రంలా అమర్చి ‘సయనోమీటర్’ తయారుచేశాడు. జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ అలాంటిదాన్నే 1802లో ఆండీస్‌లోని చింబొరాజో మీదికి మోసుకెళ్లాడు. ఎత్తుకు పోయేకొద్దీ ఆకాశం నల్లబడుతుందని, కిందికి దిగేకొద్దీ పాలిపోతుందని ఆ కాగితపు ముక్కలే చెప్పాయి.

ఒక చిన్న పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. మంచు కొండల వ్యూపాయింట్ దగ్గర దగ్గరి మంచునూ దూరపు మంచునూ పోల్చి చూడాలి. చెట్లున్న చీకటి కొండలు దూరమయ్యేకొద్దీ నీలంగా మారితే, మంచు దూరమయ్యేకొద్దీ మీగడ రంగుకు, లేత పసుపుకు తిరుగుతుంది. చీకటి కొండ తనదంటూ పంపేది తక్కువ, కాబట్టి దాని మీద మధ్య గాలి నీలం పైచేయి అవుతుంది. మంచు పంపేది తెల్లని వెలుగు, దారిలో అందులోంచి నీలం జారిపోతుంది. ఒకే గాలి, రెండు రకాల పని. అరకు దారిలో గాలికొండ వ్యూపాయింట్ నుంచి వరుస వెనక వరుసగా పలచబడే తూర్పు కనుమలు మొదటి రకం. అక్కడ వరుసల్ని లెక్కపెట్టగలిగితే ఆ రోజు గాలి శుభ్రంగా ఉన్నట్టు. అడవులు కూడా ఇందులో చెయ్యి వేస్తాయి. ఆస్ట్రేలియాలో సిడ్నీ పక్కన బ్లూ మౌంటెన్స్ మీద నీలిపొరకు యూకలిప్టస్ చెట్లు విడిచే టెర్పీన్ అనే నూనె ఆవిర్లే చాలావరకు కారణమంటారు. ఆ ఆవిరి గాలిలో అతిసూక్ష్మ కణాలుగా మారి కాంతిని చెదరగొడుతుందని వృక్షశాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ 1960లో వాదించాడు.

గాలి చేసే మూడో పని ఎంత పెద్దదో, ఎంత దూరమో చెప్పడం. మన రెండు కళ్ల మధ్య ఎడం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. కొన్ని వందల మీటర్లు దాటాక రెండు కళ్లకూ ఒకే బొమ్మ పడుతుంది, ఇక రెండు బొమ్మల తేడాను బట్టి దూరం పట్టే ఉపాయం పనిచెయ్యదు. అక్కడి నుంచి మెదడు తెలిసిన వస్తువుల సైజు మీదా, రంగు ఎంత మాసిందన్న దాని మీదా ఆధారపడుతుంది. రెండూ అలవాటును బట్టే ఉంటాయి. అలవాటు లేని చోట బోల్తా కొట్టిస్తాయి.

1540లో గార్సియా లోపెస్ ద కార్డెనాస్ నాయకత్వంలో స్పానిష్ సైనికులు అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు చేరారు. ఐరోపా వాళ్లెవరూ అంతకు ముందు దాన్ని చూడలేదు. అడుగున పారే కొలరాడో నది వాళ్లకు ఆరడుగుల కాలువలా అనిపించింది. చాలా వెడల్పైన నదని అక్కడి ఆదివాసులు చెప్పినా నమ్మబుద్ధి కాలేదు. చురుకైనవాళ్లు ముగ్గురు దిగడానికి పూనుకుని, మూడో వంతు లోతు దాకా మాత్రమే దిగి సాయంత్రానికి తిరిగొచ్చారు. పై నుంచి మనిషెత్తు అనుకున్న బండలు సెవిల్ నగరపు పెద్ద గోపురం కన్నా ఎత్తున్నాయని వాళ్లు చెప్పినట్టు ఆ యాత్ర చరిత్రకారుడు రాసిపెట్టాడు. లోయ లోతు 1.6 కిలోమీటర్లు. నది సగటు వెడల్పు ఆరడుగులకు బదులు దాదాపు 300 అడుగులు. ఎడారి గాలి అద్దంలా ఉండటంతో దూరానికి తగ్గ నీలం పడలేదు. అటువంటి దృశ్యం అంతకు ముందెన్నడూ చూడని కళ్లు దూరాన్ని దగ్గరగానే చదువుకున్నాయి.

గాలే లేకపోతే ఇంకా ఘోరం. 1971 ఫిబ్రవరిలో అపోలో 14 వ్యోమగాములు అలన్ షెపర్డ్, ఎడ్గర్ మిచెల్ చంద్రుడి మీద కోన్ క్రేటర్ అంచు వెతుక్కుంటూ తోపుడుబండి లాక్కుని ఎక్కారు. చెట్టు లేదు, ఇల్లు లేదు, నీలిపొర లేదు. దగ్గరి రాయీ దూరపు రాయీ ఒకేలా పదునుగా ఉన్నాయి. అంచు ఎక్కడుందో తేలక, టైమ్ అయిపోయి వెనుదిరిగారు. తర్వాత తీసిన ఫొటోలతో సరిపోల్చితే, వాళ్లు ఆగిన చోటు అంచుకు 30 మీటర్ల లోపే ఉందని తేలింది.

ఏటవాలు విషయంలోనూ మన కళ్లు నమ్మదగినవి కావు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో డెనిస్ ప్రాఫిట్ బృందం 1995లో చేసిన ప్రయోగాల్లో, 5 డిగ్రీల వాలును మనుషులు దాదాపు 20 డిగ్రీలని చెప్పారు. కాంచనజంగ 4 డిగ్రీలు ఆకాశాన్నంటినట్టు తోచడం ఈ పిచ్చికి దగ్గరి చుట్టమే.

అన్ని దృశ్యాలకూ గాలి అవసరం లేదని కూడా ఒప్పుకోవాలి. కడప జిల్లా గండికోటలో పెన్నా లోయ ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకి దూరం కొన్ని వందల మీటర్లే. ఆ కాస్త దూరంలో గాలి వేసే రంగు లెక్కలోకి రాదు. అక్కడ లోతు చెప్పేది నీడ. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఎర్రరాతి గోడ చదునైన బొమ్మలా ఉంటుంది. పొద్దు వాలితే ప్రతి పగులూ, ప్రతి రాతి పొరా తన నీడ తాను వేసుకుంటుంది, లోయ లోపలికి దిగుతుంది.

మనుషులు గాలిలో కలిపేది ఇంకా చెప్పలేదు. గాలి అణువులు కాంతికి చిన్నచిన్న అడ్డంకులు మాత్రమే. బొగ్గు పొగ నుంచి పుట్టే సల్ఫేట్ కణాలు అలా కాదు. వాటి అడ్డుకొలత సరిగ్గా కాంతి తరంగాల పొడుగుకు దగ్గరగా, మిల్లీమీటరులో వెయ్యో వంతులో సగానికి అటూ ఇటుగా ఉంటుంది. కాంతిని చెదరగొట్టడానికి అంతకన్నా అనువైన సైజు లేదు. గాలిలో తేమ ఉంటే నీళ్లు తాగి ఉబ్బి మరింత అడ్డు తగులుతాయి. శుద్ధమైన గాలిలో చిటికెడు చాలు, 200 కిలోమీటర్ల చూపు సగానికి పడిపోతుంది. అప్పటికే మురికిగా ఉన్న నగరంలో అంతే కలిపితే ఎవరికీ తేడా తెలియదు. అందమైన చోట్లకే ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది.

అమెరికా 1977లో గాలి చట్టాన్ని సవరించి, పెద్ద జాతీయ పార్కుల్లో చూపును కాపాడటం ప్రభుత్వ బాధ్యత అని రాసుకుంది. ఊపిరితిత్తుల కోసం కాదు, కంటి కోసం చేసిన చట్టం. అలాంటి చోట్లు 156. గ్రాండ్ కాన్యన్‌కు ఎగువన ఉన్న నవాహో బొగ్గు విద్యుత్ కేంద్రం మీద ఏళ్ల తరబడి తగవు నడిచి, 1991లో గంధకపు పొగ నూటికి 90 వంతులు తగ్గించే ఒప్పందం కుదిరింది. ఆ కేంద్రం 2019లో మూతపడింది. 1999 నాటి నిబంధన ప్రకారం 2064 కల్లా ఆ పార్కుల్లో మనిషి పొగ లేని చూపు తిరిగి రావాలి. మన దేశంలో 2009లో ప్రకటించిన గాలి నాణ్యతా ప్రమాణాలు 12 కాలుష్యకాలకు హద్దులు పెట్టాయి. ఆ పన్నెండింటిలో చూపుకి చోటు లేదు.

చూపు తిరిగొస్తే ఎలా ఉంటుందో 2020 ఏప్రిల్ మొదటి వారంలో పంజాబ్‌లోని జలంధర్ జనం చూశారు. లాక్‌డౌన్ మొదలై పది రోజులు. బళ్లు లేవు, ఫ్యాక్టరీలు లేవు. తెల్లారి డాబాలెక్కినవాళ్లకు ఈశాన్యంగా మంచు గోడ కనిపించింది. హిమాచల్‌లోని ధౌలాధార్ శ్రేణి. ఇంటి డాబా మీద నుంచి దాన్ని చూడటం ఇదే మొదటిసారని క్రికెటర్ హర్భజన్ సింగ్ ఫొటో పెట్టాడు. పత్రికలు ‘200 కిలోమీటర్ల దూరం’ అని ఊదరగొట్టాయి. మ్యాప్ మీద స్కేలు పెడితే 120, 130కి మించదు. రెండు వందలన్నది రోడ్డు మలుపుల దూరం. అయినా విశేషం తగ్గదు. ఆ శిఖరాలు జలంధర్ దిగ్మండలం నుంచి డిగ్రీన్నర ఎత్తులో ఎప్పుడూ ఉన్నాయి. టైగర్ హిల్ నుంచి ఎవరెస్ట్ కనపడేంత ఎత్తు అది. పాతతరం వాళ్లకు గుర్తున్న కొండల్ని వాళ్ల మనవలు మొదటిసారి చూశారు. నెలలు తిరక్కుండానే, పొలాల్లో దుబ్బులు కాల్చే కాలం వచ్చేసరికి, గోడ మళ్లీ మాయం.

ఇంత తెలిశాక యాత్రకు బయల్దేరేవాళ్లకు పనికొచ్చే సంగతులు కొన్నే. వాన పడి వెలిసిన మర్నాటి పొద్దున్న గాలి అన్ని రోజుల కన్నా శుభ్రం. సూర్యుణ్ణి వీపున పెట్టుకుని చూడాలి, ఎందుకంటే పొగ కణాలు కాంతిని ఎక్కువగా ముందుకే చెదరగొడతాయి. సూర్యుడి వైపు తిరిగి చూసేవాళ్ల కళ్లలో ఆ మెరుపంతా పడుతుంది. చలికాలపు ఉదయాల్లో మైదానంలో చల్లని గాలి మీద వెచ్చని పొర మూతలా పడి పొగను కిందనే ఉంచుతుంది. మైదానంలో ఉన్నవాడికి అది శాపం, మూత పైకి ఎక్కగలిగినవాడికి వరం.

డార్జిలింగ్ విషయానికొస్తే, తెలుగు నేల నుంచి వెళ్లే కుటుంబాలు ఎక్కువగా పిల్లల సెలవుల్ని బట్టి మే నెలకే రైలు టికెట్లు తీస్తాయి. ఎండాకాలపు మసకా, వానల ముందు మబ్బులూ కలిసి కాంచనజంగను వరసగా రోజులపాటు దాచేసే నెల అది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. దసరా దాటాక, అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు వరకు కొండ కనపడే అవకాశాలు ఎక్కువ. అప్పుడు కూడా తెల్లవారుజామునే. ఎండ ఎక్కితే లోయల్లోంచి మబ్బు లేస్తుంది, తొమ్మిది పది గంటలకల్లా కొండను చాలాసార్లు మూసేస్తుంది.